విద్యుత్ ప్రేరణలో చచ్చుబడిన కండరాల అలసట

వెన్నుపాముకు దెబ్బ తగలడం వలన గాని, మెదడులో రక్తప్రసారం ఆగిపోవడం వలన గాని చచ్చుబడిన కాళ్ళను, చేతులను చిన్న చిన్న విద్యుత్ స్పందాలతో బయటి నుండి కదిలించవచ్చు. అయితే ఇలా కదిలించిన కండరం, మనిషి తన ఇచ్ఛతో కదిలించే కండరం కంటె చాలా త్వరగా బలాన్ని కోల్పోతుంది. దీనినే '''విద్యుత్ ప్రేరిత కండర అలసట''' అంటారు. కదలని కాలిని కదిలించి ఒక పనికి ఉపయోగపడేటట్లు చేసే ఈ పద్ధతికి ఇంగ్లీషులో 'ఫంక్షనల్ ఎలక్ట్రికల్ స్టిమ్యులేషన్' అని పేరు. రెండు కాళ్ళూ చచ్చుబడిన మనిషిని విద్యుత్తుతో లేపి నిలబెట్టడం 1960 నాటికే సాధ్యమైంది. అయినా చక్రాల కుర్చీ అవసరం నేటికీ తీరలేదు. అందుకు గల కారణాలలో ఈ అలసట ముఖ్యమైనది.

ఏ కండరాలకు వర్తిస్తుంది

మెదడు నుండి కండరానికి ఆజ్ఞ రెండు అంచెలుగా చేరుతుంది. మొదటి అంచె మెదడు నుండి వెన్నుపాము వరకు, రెండవ అంచె వెన్నుపాము నుండి కండరం వరకు. వెన్నుపాము తెగినవారిలోను, పక్షవాతం వచ్చినవారిలోను సాధారణంగా మొదటి అంచె దెబ్బతింటుంది. రెండవ అంచెలోని నాడి బతికే ఉంటుంది. చర్మం మీద అతికించిన ఎలక్ట్రోడు నిజానికి ప్రేరేపించేది ఈ నాడినే గాని కండరాన్ని కాదు. నాడిని ప్రేరేపించడానికి 200 నుండి 500 మైక్రోసెకన్ల నిడివి గల స్పందం సరిపోతుంది.

పోలియో వలన గాని, నాడి తెగడం వలన గాని రెండవ అంచె నశించినపుడు ఈ పద్ధతి పనిచేయదు. అప్పుడు కండర తంతువులనే నేరుగా ప్రేరేపించాలి. అందుకు దాదాపు వందల రెట్లు పొడవైన స్పందాలు కావాలి. మన ఊళ్ళలో ఫిజియోథెరపీ కేంద్రాలలో 'కరెంటు పెట్టించుకోవడం' అని జనం చెప్పుకొనే దానిలో ఈ రెండు రకాలూ, నొప్పి తగ్గించడానికి మాత్రమే వాడే మూడవ రకమూ కలిసిపోయి ఉంటాయి. ఈ వ్యాసం మొదటి రకానికి, అంటే బతికి ఉన్న నాడి ద్వారా కండరాన్ని కదిలించడానికి సంబంధించినది.

చరిత్ర

ఇటలీలోని బొలోన్యా నగరంలో లుయీజీ గాల్వానీ కప్ప కాళ్ళ మీద చేసిన ప్రయోగాలను 1791లో ప్రచురించాడు. చచ్చిన కప్ప కాలు విద్యుత్తుకు అదరడం అప్పటి యూరపును ఆశ్చర్యంలో ముంచింది. ఫ్రాన్సులో గియోమ్ డ్యుషెన్ చర్మం మీద నుండే ఒక్కొక్క కండరాన్ని విడివిడిగా ప్రేరేపించే మార్గం కనిపెట్టి 1855లో గ్రంథం రాశాడు. అయితే వీరెవరికీ కండరం చేత పని చేయించే ఉద్దేశం లేదు. కండరం కదిలితే చాలు, దాని స్వభావం తెలుస్తుంది. అలసట సమస్య పని చేయించబోయినపుడే ఎదురైంది.

1960లో అమెరికాలో ఎడ్రియన్ కాంట్రోవిట్జ్, వెన్నుపాము దెబ్బతిన్న ఒక మనిషి తొడ కండరాలను, పిరుదు కండరాలను ప్రేరేపించి అతనిని కొద్ది నిమిషాలు నిలబెట్టాడు. (గుండె మార్పిడి చికిత్సను అమెరికాలో మొట్టమొదట, 1967లో చేసినవాడు కూడా ఈయనే.) ఆ మరుసటి ఏడు, 1961లో, వ్లాదిమిర్ లిబర్సన్, అతని సహచరులు పక్షవాతం వలన పాదం వేలాడిపోయిన రోగుల కోసం ఒక చిన్న పరికరాన్ని వర్ణించారు. చెప్పులో అమర్చిన మీట, మడమ నేలను విడిచిన క్షణంలో విద్యుత్తును వదులుతుంది; పాదం పైకి లేస్తుంది; మడమ నేలను తాకగానే విద్యుత్తు ఆగిపోతుంది.

ఈ రెండు ప్రయత్నాలను పక్కపక్కన పెట్టి చూడడం మంచిది. లిబర్సన్ పరికరం సంతానం నేటికీ వాడుకలో ఉంది. కాంట్రోవిట్జ్ ప్రయత్నం మాత్రం దశాబ్దాల తరబడి ప్రయోగశాలల చుట్టూనే తిరిగింది. పాదాన్ని ఎత్తే కండరం చిన్నది, దాని మీద పడే బరువు తక్కువ. అడుగు అడుగుకూ దానికి విశ్రాంతి దొరుకుతుంది. నిలబెట్టే తొడ కండరానికి మనిషి బరువంతా మోయక తప్పదు, విశ్రాంతి దొరకదు. ఆరోగ్యవంతుడు నిశ్చలంగా నిలబడినపుడు అతని తొడ ముందుభాగపు కండరం దాదాపు ఊరకే ఉంటుంది. శరీరపు బరువు మోకాలికి కాస్త ముందు నుండి నేలకు దిగుతుంది కనుక మోకాలు తనంతట తానే బిగుసుకొని నిలుస్తుంది. విద్యుత్తుతో నిలబెట్టినపుడు ఆ భరోసా ఉండదు కనుక అదే కండరాన్ని ఎడతెగకుండా గట్టిగా బిగించి ఉంచుతారు. ఆరోగ్యవంతుడు చేయని పనిని రోగి చేత చేయిస్తున్నామన్న మాట.

ఆ తరువాత నాటి యుగోస్లావియాలోని (నేటి స్లొవేనియా) ల్యుబ్ల్యానాలో అలోయ్జ్ క్రాల్, తదేయ్ బాయ్ద్ బృందం ఎందరో రోగులను చర్మం మీది ఎలక్ట్రోడులతో లేపి నిలబెట్టి, నడిపించింది. వారి అనుభవం 1989లో పుస్తకంగా వచ్చింది. 1983లో అమెరికాలోని డేటన్ నగరంలో, జెరోల్డ్ పెట్రోఫ్‌స్కీ రూపొందించిన కంప్యూటరు వ్యవస్థ సహాయంతో నాన్ డేవిస్ అనే విద్యార్థిని కొన్ని అడుగులు నడిచి పట్టా అందుకొన్నది. పత్రికలు దీనిని గొప్పగా రాశాయి. ఆ అడుగులు నిజమైనవే. కాని వేదిక మీద కొన్ని అడుగులు వేయడానికి, బజారుకు వెళ్ళి రావడానికి మధ్య ఉన్న దూరం ఆ వార్తలలో కనబడదు. డానియల్ గ్రౌపే కృషి ఫలితమైన 'పారాస్టెప్' అనే నడక పరికరానికి 1994లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది. దానిని వాడేవారు కూడా చేతులతో వాకరును పట్టుకొని, బరువులో కొంత భాగాన్ని చేతుల మీద మోపవలసిందే.

శరీరం పని పంచే తీరు

వెన్నుపాములోని ఒక చాలక నాడీకణం, దాని కొమ్మలు అంటుకొన్న కండర తంతువులన్నీ కలిసి ఒక 'మోటార్ యూనిట్'. షెరింగ్టన్ 1925లో లిడెల్‌తో కలిసి వాడుకలోకి తెచ్చిన మాట ఇది. నాడీకణం ఒకసారి స్పందిస్తే దాని తంతువులన్నీ ఒకేసారి బిగుస్తాయి. కొన్ని యూనిట్లలోని తంతువులు నెమ్మదిగా బిగుస్తాయి, తక్కువ బలాన్ని ఇస్తాయి, కాని గంటల తరబడి అలసిపోవు. వాటిలో రక్తకేశనాళికలు, మైటోకాండ్రియా సమృద్ధిగా ఉంటాయి. మరికొన్ని వేగంగా, బలంగా బిగుస్తాయి, కాని నిమిషాలలో చతికిలబడతాయి. ఈ రెంటికీ నడిమి రకం కూడా ఉంది.

మెదడు వీటిని ఒక క్రమంలో పిలుస్తుంది. ముందుగా చిన్న నాడీకణాలు, అంటే అలసిపోని యూనిట్లు. బలం చాలకపోతే పెద్దవి. దీనిని ఎల్వుడ్ హెన్నెమన్ 1957 నుండి 1965 వరకు వెలువరించిన పరిశోధనలలో నిరూపించాడు. ఇంకొక సంగతి, యూనిట్లు అన్నీ ఒకే క్షణంలో స్పందించవు. ఒకటి బిగుస్తుండగా మరొకటి సడలుతుంది. పల్లకీ మోసే బోయీలను ఊహించుకోవచ్చు. అందరి అడుగులూ ఒకే క్షణంలో పడితే పల్లకీ ఎగిరెగిరి పడుతుంది. అడుగులు ఒకదాని వెంట ఒకటి పడితే కుదుపు లేకుండా సాగుతుంది. అందువలన ఒక్కొక్క యూనిట్ సెకనుకు పది సార్లు మాత్రమే స్పందించినా మొత్తం కండరం నిలకడగా లాగగలదు.

బయటి విద్యుత్తు పని చేయించే తీరు

బయటి నుండి వచ్చే స్పందానికి ఈ వరుస తెలియదు. లావుపాటి నాడీతంతువులు బయటి విద్యుత్తుకు సులువుగా లొంగుతాయి. అవి వేగంగా అలసిపోయే యూనిట్లవి. అందువలన విద్యుత్తు, సహజ క్రమాన్ని సరిగ్గా తలకిందులు చేస్తుందని పాఠ్యపుస్తకాలు చాలా కాలం రాశాయి. ఇది పూర్తిగా నిజం కాదు. చర్మం మీది ఎలక్ట్రోడు విషయంలో తంతువు లావు కంటె అది ఎలక్ట్రోడుకు ఎంత దగ్గరగా ఉన్నదన్నదే ఎక్కువగా లెక్కలోకి వస్తుంది. మనిషి కండరాలలో తలకిందుల క్రమం కాదు, అసలు క్రమమే లేకపోవడం కనిపిస్తుందని గ్రెగరీ, బికెల్ 2005లో వాదించారు. ఈ వాదనకే నేడు ఎక్కువ మద్దతు ఉన్నది.

క్రమం లేకపోవడం కంటె పెద్ద చిక్కు మరొకటి ఉంది. ప్రతి స్పందమూ అవే తంతువులను, ఒకే క్షణంలో లేపుతుంది. ఎలక్ట్రోడుకు దూరంగా ఉన్న తంతువులు ఊరకే కూర్చుంటే, దగ్గరగా ఉన్నవి మొత్తం బరువు మోస్తాయి. వంతులు లేవు, భుజం మార్చుకోవడం లేదు. పైగా అందరూ ఒకేసారి బిగిసి ఒకేసారి సడలితే కాలు వణుకుతుంది. ఆ వణుకు పోవాలంటే స్పందాల పౌనఃపున్యాన్ని పెంచాలి; సాధారణంగా సెకనుకు 20 నుండి 50 వరకు వాడతారు. అంటే ప్రతి తంతువూ సహజంగా చేసే పనికి రెండు నుండి ఐదు రెట్లు చేస్తున్నది. రాక్, వెస్ట్‌బరీ అనే శాస్త్రవేత్తలు 1969లో పిల్లి పిక్క కండరానికి వెళ్ళే నాడీమూలాన్ని పాయలుగా చీల్చి, ఒక్కొక్క పాయనూ వంతులవారీగా ప్రేరేపించి చూశారు. ఒక్కొక్క పాయ స్పందించే వేగం తక్కువైనా మొత్తం కండరం నున్నగా లాగింది. ఈ కీలకాన్ని మనిషి చర్మం మీద అమలు చేయడానికే ఇంకా పాట్లు పడుతున్నారు.

చచ్చుబడిన కండరం మారిపోవడం

ఇది కథలో సగం మాత్రమే. ప్రేరణ లోపం ఆరోగ్యవంతుని కండరాన్ని కూడా త్వరగా అలసట పరుస్తుంది. చచ్చుబడిన కండరం స్వయంగా కూడా మారిపోతుంది. వెన్నుపాము గాయమైన కొన్ని వారాలలోనే అది సన్నబడడం మొదలవుతుంది. తరువాతి నెలలలో, సంవత్సరాలలో నెమ్మది తంతువులు వేగవంతమైన రకంగా మారతాయి. కేశనాళికలు, ఆక్సిజన్‌ను వాడుకొనే ఎంజైములు తగ్గుతాయి. మన కాలిలో ఎన్నటికీ అలసిపోనిదని పేరున్న సోలియస్ అనే పిక్క కండరం కూడా సంవత్సరాలు గడిచేసరికి త్వరగా అలసిపోయే కండరంగా మారిపోతుంది.

కండరపు స్వభావం దాని జన్మహక్కు కాదు, దాని నాడి చెప్పే మాట మీద ఆధారపడుతుంది అని 1960లో బుల్లర్, ఇద్దరు ఎకిల్స్‌లు పిల్లులలో నాడులను తారుమారు చేసి కలిపి చూపించారు. సామన్స్, వర్బోవా 1969లో ఇంకొక అడుగు వేసి, కుందేలు వేగ కండరాన్ని వారాల తరబడి సెకనుకు పది స్పందాలతో ప్రేరేపిస్తే అది నెమ్మది కండరంగా మారుతుందని కనుగొన్నారు. ఈ ఫలితం ఎంతటి ఆశను రేపిందంటే, 1985లో పారిస్‌లో అలెన్ కార్పెంటియర్ వీపు కండరాన్ని రోగి గుండె చుట్టూ చుట్టి, దానికి శిక్షణ ఇచ్చి, గుండెకు తోడుగా కొట్టుకొనేటట్లు చేయబోయాడు. ఆ శస్త్రచికిత్స తరువాతి కాలంలో వాడుక తప్పింది కాని, వెనక ఉన్న జీవశాస్త్రం మాత్రం తప్పలేదు.

కండరం లోపల జరిగేది

పరుగెత్తి ఆగిన వెంటనే మంటకు కారణం లాక్టిక్ ఆమ్లమని, అలసటకు కూడా అదే మూలమని బడిలో చదువుకొన్నవారు ఎందరో. ఈ నమ్మకం ఇపుడు చాలావరకు సడలింది. కండరం పని చేసినపుడు శక్తి నిల్వల నుండి విడుదలయ్యే ఫాస్ఫేట్ పేరుకుపోయి తంతువుల పట్టును సడలిస్తుంది. బిగింపుకు సంకేతమైన కాల్షియం గోడౌను నుండి తక్కువగా విడుదలవుతుంది. తంతువు పొర మీద పొటాషియం పోగుపడి సంకేతం లోపలికి దిగడం కష్టమవుతుంది.

ఆరోగ్యవంతుని అలసటలో మెదడు, మనసు కూడా పాలు పంచుకొంటాయి; 'ఇక చాలు' అనే ఆజ్ఞ పైనుండి వస్తుంది. చచ్చుబడిన కాలిలో ఆ అంశం లేదు. ఇక్కడ అలసట అంతా నాడి చివర నుండి కిందనే ఉంది. ఎడ్వర్డ్స్, అతని సహచరులు 1977లో వర్ణించిన ఒక విచిత్రం ఇక్కడ చాలా ఇబ్బంది పెడుతుంది. గట్టి శ్రమ తరువాత, ఎక్కువ పౌనఃపున్యం వద్ద బలం త్వరగా తేరుకొన్నా, తక్కువ పౌనఃపున్యం వద్ద బలం గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు మరునాటి వరకు తేరుకోదు. విద్యుత్ ప్రేరణకు వాడేది సరిగ్గా ఆ తక్కువ పౌనఃపున్యాలనే. ఉదయం సాధన చేసిన రోగికి సాయంత్రం కాలు సరిగా లేవకపోతే పరికరం చెడిపోయిందనుకోనవసరం లేదు.

హెచ్చరిక లేని అలసట

మనకు కాళ్ళు పడిపోయే ముందు నొప్పి, బరువు, వణుకు తెలుస్తాయి. గోడను పట్టుకొంటాము, కూర్చొంటాము. వెన్నుపాము పూర్తిగా తెగినవారికి ఆ కాళ్ళలో స్పర్శ లేదు. తొడ కండరం బలం సగమైనా వారికి తెలియదు. మోకాలు వంగడమే మొదటి వార్త. అప్పటికి చేతులు తప్ప వేరే ఆధారం ఉండదు. ఏళ్ళ తరబడి బరువు మోయని ఎముకలు పెళుసెక్కి ఉంటాయి కనుక మామూలు మనిషికి దెబ్బతో పోయే పడిపాటు వీరికి ఎముక విరగడంతో ముగియవచ్చు.

కనుక పరికరమే అలసటను గుర్తించాలి. మోకాలి కోణాన్ని కొలిచి, అది వంగబోగానే విద్యుత్తును పెంచడం ఒక మార్గం. విద్యుత్తు పెంచితే దూరంగా ఉన్న తంతువులు కూడా పనిలోకి వస్తాయి; కొంత సేపు కాలు నిలుస్తుంది. కాని తంతువులన్నీ పనిలోకి వచ్చాక పెంచడానికి మిగిలేది లేదు. పౌనఃపున్యం పెంచితే క్షణకాలం బలం వస్తుంది గాని అలసట ఇంకా తొందరపడుతుంది. కండరపు విద్యుత్ సంకేతాన్ని చూసి అలసటను ముందుగా పసిగట్టవచ్చనే ఆశ కూడా పూర్తిగా ఫలించలేదు. సంకేతం బాగానే ఉన్నా బలం పడిపోతూ ఉండవచ్చు.

ఛాతీ వెన్నులో ఆరవ స్థాయి, అంతకు పైన దెబ్బతిన్నవారిలో గట్టి ప్రేరణ వలన రక్తపోటు ఒక్కసారిగా ప్రమాదకరంగా పెరగవచ్చు. ఇది అలసట కాదు గాని, అలసటను జయించబోయి విద్యుత్తును పెంచుతూ పోయేవారు గుర్తుంచుకోవలసిన విషయం. ఇటువంటి చికిత్సను వైద్యుల పర్యవేక్షణలోనే మొదలుపెట్టాలి.

కొలిచే విధానం

ఎక్కువగా వాడే పరీక్ష రాబర్ట్ బర్క్ బృందం 1973లో పిల్లుల మీద వాడినది. సెకనుకు 40 స్పందాల చొప్పున, ప్రతి సెకనులో మూడవ వంతు సేపు, రెండు నిమిషాలు ప్రేరేపిస్తారు. చివరి బలాన్ని మొదటి బలంతో భాగిస్తే వచ్చేది అలసట సూచిక. ఆ పిల్లులలో త్వరగా అలసిపోయే యూనిట్ల సూచిక 0.25 కంటె తక్కువ, అలసటకు ఓర్చుకొనేవాటిది 0.75 కంటె ఎక్కువ.

తగ్గించే ప్రయత్నాలు

అన్నిటిలోకి రుజువైనది సాధన. అయోవా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ షీల్డ్స్, అతని సహచరురాలు, వెన్నుపాము గాయమైన కొత్తలోనే రోగుల ఒక కాలి పిక్కకు విద్యుత్ శిక్షణ మొదలుపెట్టి, రెండవ కాలిని అలాగే వదిలి, రెండేళ్ళకు పైగా గమనించి 2006లో ఫలితాలు ప్రకటించారు. ఒకే మనిషిలో రెండు కాళ్ళను పోల్చారు కనుక తిండి, వయసు, మందుల తేడాలు అడ్డురాలేదు. శిక్షణ పొందిన కాలు బలంలోను, ఓర్పులోను స్పష్టంగా మెరుగ్గా నిలిచింది. అయితే ఈ ఫలం నిలవాలంటే సాధన ఆగకూడదు.

తక్కువ పౌనఃపున్యంతో సరిపెట్టుకోగలిగిన చోట విజయం దక్కింది. మెడ వెన్నుపాము దెబ్బతిని ఊపిరి తీసుకోలేనివారిలో విలియం గ్లెన్ బృందం, ఉదరవితానపు నాడిని ప్రేరేపిస్తూ, నెలల తరబడి పౌనఃపున్యాన్ని క్రమంగా 10 హెర్ట్జ్ దరిదాపులకు దించి, ఆ కండరాన్ని రేయింబవళ్ళు పని చేసేటట్లు మలచింది. ఆ ఫలితాలు 1984లో వచ్చాయి. ఊపిరికి కాస్త వణుకున్నా నష్టం లేదు. నిలబడే మోకాలికి ఆ సౌకర్యం లేదు.

చేతి పని మరొక ఉదాహరణ. క్లీవ్‌లాండ్‌లో హంటర్ పెక్కమ్ బృందం రూపొందించిన 'ఫ్రీహ్యాండ్' అనే అమరిక 1997లో అమెరికాలో అనుమతి పొందింది. గ్లాసు పట్టుకోవడం, కలం పట్టుకోవడం కొద్ది సేపటి పనులు కనుక అలసట పెద్ద అడ్డంకి కాలేదు. దానికి అడ్డుపడినది వ్యాపారం: కొన్నేళ్ళకే తయారీదారు తప్పుకొన్నాడు.

నిలబడడం విషయంలో తెలివైన మార్గం కండరానికి పని తగ్గించడమే. 1980లలో స్కాట్లండులో బ్రయన్ ఆండ్రూస్ చీలమండకు బిగించే పట్టీలను విద్యుత్ ప్రేరణతో జత చేశాడు. బరువు మోకాలికి ముందు నుండి దిగినంత సేపు తొడ కండరానికి విద్యుత్తు ఆగిపోతుంది. మోకాలు వంగబోతేనే మళ్ళీ వస్తుంది. శరీరం సహజంగా చేసే ఉపాయమే ఇది. టొరాంటోలో మిలోస్ పోపోవిచ్, కెయ్ మసానీ తదితరులు 2011 నుండి ఒక పెద్ద ఎలక్ట్రోడు బదులు నాలుగు చిన్నవి అతికించి, వాటికి వంతులవారీగా స్పందాలు పంపి, అలసట తగ్గుతున్నదని చూపారు. రాక్, వెస్ట్‌బరీల పాత ఆలోచనకు ఇది చర్మం మీది రూపం.

సైకిలు పందెం

స్విట్జర్లాండులో 2016లో జరిగిన 'సైబథ్లాన్' పోటీలో, కాళ్ళు పూర్తిగా చచ్చుబడినవారు విద్యుత్ ప్రేరణతో మూడు చక్రాల సైకిలు తొక్కే పందెం ఒకటి. దూరం 750 మీటర్లు, గడువు ఎనిమిది నిమిషాలు. ఆరోగ్యవంతునికి ఇది ఆట. ఇక్కడ అలసటతో పందెం. కండరాలు తిన్న శక్తిలో పెడలుకు చేరేది పదో వంతు కూడా ఉండకపోవడం మామూలు. సాధారణ సైకిలు పందెగానిలో అది అయిదో వంతు దాటుతుంది. శరీరం లోపల నాడుల వద్ద ఎలక్ట్రోడులు అమర్చుకొన్న క్లీవ్‌లాండ్ జట్టు గెలిచింది. లోపల అమర్చితేనే గెలుపు అనుకొంటుండగా, 2020 పోటీలో దూరాన్ని 1200 మీటర్లకు పెంచితే చర్మం మీది ఎలక్ట్రోడులతోనే నెదర్లాండ్సు జట్టు గెలిచింది.

కాంతితో ప్రేరణ

నాడీకణంలో కాంతికి స్పందించే ప్రోటీనును జన్యుమార్గంలో చేర్చి, విద్యుత్తుకు బదులు కాంతితో దానిని లేపవచ్చు. 2010లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు ఎలుకలలో ఇలా చేసినపుడు యూనిట్లు హెన్నెమన్ చెప్పిన సహజ క్రమంలోనే మేల్కొన్నాయి, అలసట తగ్గింది. 2024లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో హ్యూ హెర్ బృందం, కండరపు బలాన్ని ఎప్పటికప్పుడు కొలుస్తూ కాంతిని సర్దే పద్ధతిలో, ఎలుక కండరాన్ని గంటకు పైగా అలసట లేకుండా నడిపింది. విద్యుత్తుతో అదే కండరం పదిహేను నిమిషాలలో అలసిపోయింది. మనుషుల నాడులలోకి ఆ ప్రోటీనును ఏళ్ళ తరబడి నిలిచేటట్లు, శరీరపు రక్షణ వ్యవస్థ తిరగబడకుండా చేర్చడం ఇంకా సాధ్యం కాలేదు.